పొత్తు వీడిన పిమ్మట మందు మర్మ మెవరిది?

మన సంఘమువారిలో అనేకులు చిరకాలముగా వర్తకమునే జీవనాధారముగా గొనియున్నారు. నంద్యాల మొదలు ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, బనగానపల్లె వఱకు గల బజారులలో అంగళ్ల పలకలమీద ఇద్దఱి పేరులో ముగ్గురి పేరులో కలిపి వ్రాసియుండుట తఱచుగా కానవచ్చును. ఇట్టి పొత్తులు కుదురునప్పుడు పెట్టుబడి యెంత, లాభములో వాటా యెంత, లెక్క లెవరు వ్రాయవలెను అను సంగతులన్నియు దస్తావేజులో నెక్కును. కాని తయారుచేయు సరకుయొక్క పాళ్లు, పాకము, కలుపు క్రమము, అనగా ఆ అంగడికి పేరు తెచ్చిన మర్మము, ఎవరి సొత్తో తెలుపు పంక్తి యొక్కటైనను వ్రాసికొనుట అరుదు. పొత్తు చల్లగా సాగునంతకాలము ఈ లోపము పైకి తేలదు. అన్నదమ్ములవలె నుండిన ఇద్దఱు వేఱుపడిన మఱునాడు తేలును. ఒకడు పాత అంగడిలో నిలుచును. రెండవవాడు ఎదురుగనే కొత్త పలక కట్టి అదే పండ్లపొడిని, అదే నొప్పిమందును, అదే ఊరగాయను అమ్మజొచ్చును. పెద్దమనుష్యులు కూర్చుండి పెట్టెలను, తక్కెడలను, రావలసిన బాకీలను పంచగలరు. ఒకని తలలో నున్న మాట నెట్లు పంచుదురు?

ఈ ప్రశ్నకు చట్టము చెప్పిన సమాధానము ఎట్లు పుట్టి యెట్లు పెరిగినదో ఈ సంచిక చదువు సోదరులకును పోషకులకును తెలుప నెంచితిమి. ఇది వకీళ్లకొఱకు వ్రాసినది కాదు. దస్తావేజు వ్రాయించుకొన బోవు వర్తకులకొఱకును, తండ్రుల వ్యాపారములోనికి రాబోవు యువకులకొఱకును వ్రాసినది.

మన దేశమున మర్మమును కాపాడుకొను మొదటి సాధనము చట్టము కాదు, మౌనము. పల్లెలలో పసరు మందిచ్చు పెద్దలు మూలిక పేరు బయట పెట్టినచో మందు పనిచేయదని చెప్పుట మన మెల్లర మెఱిగినదే. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభము. కాని ఆ మాటలో వర్తకపు తెలివి యొకటి దాగియున్నది. మూలిక పేరు ఊరందఱకు తెలిసిన దినమున మందు గుణము పోదు గాని మందిచ్చువాని గిరాకి పోవును. తండ్రి పెద్దకొడుకునకు, అదియును అవసానకాలమున, చెవిలో చెప్పుట ఆచారము. చెప్పుట కవకాశము చిక్కని వారి మందులు వారితోనే కాటికి పోయినవి. ఎన్ని మంచి యోగము లట్లు నశించినవో లెక్కించువాడు లేడు.

ధర్మశాస్త్రములు పొత్తు వ్యాపారమును ఉపేక్షింపలేదు. వ్యవహారపదములు పదునెనిమిదింటిలో సంభూయ సముత్థాన మనునది యొకటి. కలసి వ్యాపారము చేయువారు పెట్టుబడి ననుసరించియో ఒడంబడిక ననుసరించియో లాభనష్టములు పంచుకొనవలెననియు, కపటము చేసిన పొత్తుదారుని లాభ మీయక వెలుపలికి పంపవలెననియు యాజ్ఞవల్క్యుడు విధించెను. శిల్పము నేర్వవచ్చిన అంతేవాసి పని ముందుగనే నేర్చినను, ఒప్పుకొన్న గడువు తీఱువఱకు గురువు నింటనే యుండి తన పని ఫలమును గురువునకే యీయవలెనని ఆయనయే మఱియొకచోట చెప్పెను. విజ్ఞానేశ్వరుని మితాక్షర మూలమున ఈ విధులు దక్షిణదేశమున ప్రమాణములైనవి. రెండింటిలో అంతేవాసిని గూర్చిన విధియే మాకు మిక్కిలి విలువైనదిగా తోచుచున్నది. ఏలయన విద్య నేర్పినవాని కొక హక్కు కలదనియు, ఆ హక్కునకు గడువు కలదనియు అది యొప్పుకొనుచున్నది. గడువు తీఱిన పిమ్మట శిష్యుడు స్వతంత్రుడు. గురువునకు కొంత, శిష్యునకు కొంత అను ఈ పంపకమునే నేటి చట్టమును చేయజూచుచున్నది.

అయితే పొత్తు విడిచినవాడు మర్మమును వాడుకొనరాదని న్యాయస్థానము స్పష్టముగ పలికిన కథ ఇంగ్లాండునందు జరిగినది. మన న్యాయస్థానములు చిరకాలము ఆ తీర్పుల వెంటనే నడచినవి గావున దానిని కొంత విపులముగ చెప్పుట యవసరము. చిత్రమేమన, ఆ కథలలోని పాత్రలు గొప్ప యంత్రశాలల యజమానులు కారు. మాత్రలు, చూర్ణములు అమ్మినవారు.

రాబర్టు జేమ్సు అను వైద్యుడు జ్వరమునకు ఒక చూర్ణము కల్పించి 1747లో దానికి పేటెంటు పొందెను. జాన్ న్యూబరీ అను పుస్తక వర్తకుడు దానిని అమ్మువాడు. 1774లో కవి ఆలివర్ గోల్డుస్మిత్తు తన చివరి జబ్బున వైద్యుల మాట వినక ఈ చూర్ణమునే పట్టుబట్టి సేవించెనని ప్రసిద్ధి. పేటెంటు కోరువాడు తన తయారీ విధానమును దాపఱికము లేక వ్రాసి దాఖలు చేయవలెను. ప్రభుత్వ మిచ్చు గుత్తహక్కునకు అది వెల. జేమ్సు దాఖలు చేసిన విధానము ప్రకారము చేసినచో ఆ చూర్ణము రాదని పలువు రాక్షేపించిరి. అనగా ఆయన గుత్తహక్కును పుచ్చుకొని వెల ఎగవేసెనన్నమాట. 1791లో జార్జి పియర్సన్ అను శాస్త్రజ్ఞుడు అంగడిలో దొరకు చూర్ణమునే శోధించి, అందు ఆంటిమొనీ అను ధాతువును, ఎముకల భస్మమున నుండు సున్నపు లవణమును కలవని తేల్చెను. పేటెంటు గడువు ఎన్నడో తీఱినను మర్మము తమదే యని ఉభయ కుటుంబములవారును పట్టు విడువలేదు. తుదకు 1817లో న్యూబరీ వంశీయులకును జేమ్సు వంశీయులకును వ్యాజ్యెము నడచెను.

విచారించినవాడు ఛాన్సలరు ఎల్డన్ ప్రభువు. ఆయనకు కలిగిన చిక్కు నేటికిని ఇట్టి ప్రతి దావాలోను తల యెత్తుచుండును. మర్మమేమో న్యాయాధిపతికి చెప్పనిదే ప్రతివాది దానిని వాడెనో లేదో తేలదు. నిండు సభలో చెప్పినచో అది మర్మము కాకపోవును. ఈ కారణమున ఆయన మర్మమును కాపాడు ఇంజంక్షను నీయ నిరాకరించెను. కాని మూడేండ్ల పిమ్మట, 1820లో, పశువుల మందులు చేయు ఒక వర్తకుని యొద్ద పనిచేసినవాడు యజమానుని యోగముల పుస్తకమును దొంగచాటుగా ఎత్తి వ్రాసికొని సొంత వ్యాపారము పెట్టగా, ఆ ఎల్డన్ ప్రభువే అతనిని నిరోధించెను. రెండింటికిని భేద మేమి? రెండవ వ్యాజ్యెమున నమ్మకద్రోహము కన్నులకు కట్టినట్లు కానవచ్చెను. యోగములో నేమున్నదో పూర్తిగ తెలియకయే, అది యెట్లు చేతులు మాఱినదో చూచి తీర్పు చెప్పుటకు వీలు చిక్కెను.

ఈ దారినే నడచి పొత్తుల విషయమున స్థిరమైన సిద్ధాంతము చేసినది 1851 నాటి మోరిసన్, మోటుల వ్యాజ్యెము. జేమ్సు మోరిసన్ అనునతడు సర్వరోగములకు ఒక్కటే మందని చాటించి శాకమాత్రల నమ్మి అపారముగ నార్జించెను. 1828లో లండనున తన వ్యాపారస్థలమునకు బ్రిటిషు ఆరోగ్య కళాశాల యని గొప్ప పేరు పెట్టుకొనెను. 1830 మొదలు 1840 వఱకు మందుల స్టాంపు పన్ను క్రిందనే అతడు ప్రభుత్వమునకు 60,000 పౌనులు చెల్లించెనన్నచో అమ్మక మెంతో ఊహించుకొనవచ్చును. మాత్రలలో నున్నది ముసాంబరము, ఏటిపుచ్చ మొదలగు విరేచన ద్రవ్యములు. వానిని మితిమీఱి మ్రింగి చచ్చినవారును కలరు. 1836లో లండనున ఆ మాత్రల నిచ్చిన యొక అమ్మకందారుపై నరహత్యానేరము ఋజువై జుర్మానా పడినది. వైద్యపత్రికలు మోరిసనును వంచకుడని దూషించినవి. అయినను గిరాకి తగ్గలేదు.

ఈ మోరిసనుతో థామస్ మోటు అనునతడు పొత్తు కలిసెను. కలిసినప్పుడు మోరిసను మందు మర్మమును అతనికి తెలిపి, దానిని మఱి యెవ్వరికిని చెప్పనని బాండు వ్రాయించుకొనెను. ఇంతవఱకు మోరిసను జాగ్రత్తపరుడే. కాని మోటునకు హొరేషియో అను కొడుకు కలడు. తండ్రి బాండును మఱచి కొడుకునకు మర్మము చెప్పెను. ఏ తండ్రి చెప్పడు? మోరిసను 1840లో పారిసు నగరమున మృతినొందెను. అతని మర్మము కొడుకులకు సంక్రమించెను. ఉభయ కుటుంబముల వ్యాపారసంబంధము తెగిన పిమ్మట హొరేషియో అదే మందును తానుగా చేసి, మోరిసను పేరుతోనే అమ్మజొచ్చెను. మోరిసను కొడుకులు న్యాయస్థానమున కెక్కిరి.

ప్రతివాది తరపున వాదము గట్టిగనే జరిగెను. ఈ మందునకు పేటెంటు లేదు గదా, పేటెంటు లేని దానిని ఎవరైనను చేసికొనవచ్చును గదా యని యొకటి. బాండు వ్రాసినది తండ్రి గాని కొడుకు కాదు గదా యని మఱియొకటి. వైస్ ఛాన్సలరు టర్నరు ఈ వాదములను అంగీకరింపలేదు. ఆయన చెప్పిన దాని తాత్పర్య మిది. ఈ మర్మముపై మోరిసనులకు లోకమందఱిమీదను హక్కు కలదా లేదా యనునది ఇచ్చట ప్రశ్న కాదు. ఈ ప్రతివాదిమీద హక్కు కలదా యనునదియే ప్రశ్న. తండ్రి తన మాట తప్పి చెప్పుటవలన కొడుకునకు మర్మము చేరినది. మాట తప్పుటనుండి పుట్టినది న్యాయమైన హక్కు కాజాలదు. పూర్వపు న్యాయాధిపతులలో కొందఱు మర్మమును ఆస్తియనిరి, కొందఱు ఒడంబడికయనిరి, కొందఱు నమ్మకమనిరి. ఏ పేరు పెట్టినను, రహస్యమును గ్రహించినవాని అంతఃకరణముపై న్యాయస్థానము ఒక కట్టడి వేసి దానిని అతనిచే నెఱవేర్పించును. హొరేషియో ఆ మందును చేయరాదనియు, ఆ పేరు వాడరాదనియు ఇంజంక్షను పుట్టెను.

ఇందొక విశేషము గమనింపదగినది. కాపాడబడిన మందు లోకోపకారియగు దివ్యౌషధమేమియు కాదు. మందు మంచి చెడ్డలను బట్టి ఈ తీర్పు వచ్చియుండినచో మోరిసనులు ఓడియుందురు. చట్టము చూచినది మందును గాదు, ఇద్దఱు మనుష్యుల నడుమ నడచిన మాటను. అమెరికాలోని మసాచుసెట్సు న్యాయస్థానము 1837లో ఇంచుమించు ఇదే త్రోవను నడచినది. చాకొలెట్ మిల్లును, చాకొలెట్ చేయు తన రహస్య విధానమును కలిపి అమ్మినవాడు ఆ విధానమును ఇతరులకు చెప్పుకొను హక్కు తనకు మిగిలినదనగా, అమ్మినదానిని మరల పంచిపెట్టుటకు వీలులేదని తేల్చినది.

ఇక మర్మమన నేమి యను ప్రశ్న మిగిలినది. దీనికి ఈ సీమలోనే మంచి యుదాహరణము కలదు. కొలిమిగుండ్ల సమీపమున సున్నపురాతి పొరలలో నీరు తొలిచిన బెలుం గుహలను మహాసభకు వచ్చు బంధువులలో పలువురు చూచియే యుందురు. 3,229 మీటర్ల పొడవు గల ఈ బిలములను గూర్చి 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వ్రాసెను. 1982, 1983 సంవత్సరములలో గెబావరు అను జర్మను దేశస్థుని నాయకత్వమున వచ్చినవారు లోపల ప్రాకి కొలిచి పటము గీసిరి. 2002లో ప్రభుత్వ పర్యాటక సంస్థ దీపములు పెట్టి జనులకు తెఱచెను. గ్రంథములలో వీరిని గుహలను కనుగొన్నవారని వ్రాయుచున్నారు. కాని చుట్టుప్రక్కల గొఱ్ఱెల కాపరులకు ఆ బిలద్వారములు తాతల నాటినుండి తెలియును. బౌద్ధ జైన సన్యాసులు అచ్చట నివసించినట్లు ఆనవాళ్లు దొరకినవి. కావున లోకమునకు తెలియనిది వేఱు, మర్మము వేఱు. ఊరి వారందఱు ఎఱిగిన దానిని మద్రాసులోనో లండనులోనో ఎవరు నెఱుగకపోయినను అది చట్టము దృష్టిలో మర్మము కాదు. అల్లము, శొంఠి, పిప్పళ్లు కలిపిన కషాయమును సీసాలో పోసి ఇది మా వంశ రహస్యమనువాడు కాపరి దారిని తాను కనుగొంటిననువాని వంటివాడే. అయితే ఆ మూడింటిని ఎంత వేడిమిలో, ఎంతసేపు, దేని తరువాత దేనిని వేసినచో సంవత్సరము నిలువ యుండునో ఒక్కడే సాధించియుండినచో అది మర్మమే. గుహ యందఱిది, గెబావరు పటము మాత్రము గెబావరు కష్టము.

ఇప్పుడు మన చట్టములకు వత్తము. 1856లో ఇండియాలో మొదటి పేటెంటు చట్టము పుట్టినది. నాడు గడువు 14 ఏండ్లు, నేడు 20 ఏండ్లు. విధానమును బయట పెట్టుట కిష్టపడనివారికి పేటెంటు పనికిరాదు. వారికి మిగులునది ఒడంబడిక. 1872 నాటి కంట్రాక్టు చట్టము 27వ సెక్షను ఏ మనుష్యుని గాని న్యాయమైన వృత్తి వ్యాపారములు చేయకుండ కట్టివేయు ఒడంబడిక చెల్లదనును. కాని వ్యాపారపు మంచిపేరును, అనగా గుడ్విలును, అమ్మినవాడు అదే సీమలో అదే వ్యాపారము చేయనని మాట యిచ్చినచో, ఆ హద్దు సమంజసమైనదైనచో, అది చెల్లును. 1877 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టములో ఇందు కొక దృష్టాంతము చూపిరి. వేయి రూపాయలకు గుడ్విలు నమ్మి, కలకత్తాలో ఆ వ్యాపారము చేయనని చెప్పినవాడు మరల చేసినచో, అతనిని ఇంజంక్షనుతో ఆపవచ్చును గాని వాని ఖాతాదారులను కొన్నవానియొద్దకు పంపుమని న్యాయస్థానము నిర్బంధింపజాలదు. పొత్తులకు సంబంధించిన మినహాయింపులు మొదట ఈ కంట్రాక్టు చట్టములోనే యుండి, 1932లో పుట్టిన భాగస్వామ్య చట్టములోనికి మాఱినవి.

ఆ 1932 చట్టమును మన వర్తకులలో ప్రతివాడును ఒకసారి చదువవలెను. ఆళ్లగడ్డలో ఇద్దఱు కలసి పండ్లపొడి చేయుచున్నారనుకొందము. ఒకడు తాతనుండి వచ్చిన యోగమును తెచ్చెను, రెండవవాడు సొమ్ము తెచ్చెను. పదేండ్లు గడచినవి. పొడి పేరు కడప, అనంతపురముల దాక ప్రాకినది. ఇంతలో ఇద్దఱికి చెడినది. ఏది యెవరిది?

చట్టము 14వ సెక్షను ప్రకారము, పొత్తు మూలధనములోనికి తెచ్చినదియు, పొత్తు వ్యాపారక్రమమున సంపాదించినదియు పొత్తు ఆస్తి. గుడ్విలు కూడ అందు చేరును. తాత యోగమును పొత్తునకు ధారపోసెనా, వాడుకకు మాత్రమే అరువిచ్చెనా యనునది దస్తావేజు చెప్పవలెను. దస్తావేజు మాటాడనిచో సాక్షులు మాటాడుదురు. సాక్షులు మాటాడుట మొదలుపెట్టిన పిమ్మట పదేండ్లు పట్టును. ఇద్దఱు కలసి పొత్తుకాలమున సవరించి మెఱుగుపఱచిన పాళ్లు మాత్రము పొత్తుసొత్తనుట సులభము. పొత్తు రద్దయి లెక్కలు తేలువఱకు ఒక భాగస్థుడు పొత్తు పేరునో ఆస్తినో తన సొంత లాభమునకు వాడుకొనకుండ రెండవవాడు నిరోధింపవచ్చునని 53వ సెక్షను. పొత్తు విడిచిపోయినవాడు పోటీ వ్యాపారము చేయవచ్చును, ప్రకటనలు వేయవచ్చును. కాని వేఱుమాట వ్రాసికొననిచో పాత పొత్తు పేరు వాడరాదు, ఇంకను అందున్నట్లు చెప్పుకొనరాదు, పాత ఖాతాదారులను పిలిచి లాగరాదు అని 36వ సెక్షను. కొంతకాలము, కొంత దూరము వఱకు పోటీ చేయనని వ్రాసికొన్నచో, అది సమంజసమైనచో, చెల్లునని దాని రెండవ భాగము.

ఈ సెక్షనులలో యోగము, మర్మము అను మాట లెచ్చటను లేవు. కావున న్యాయస్థానములు మోరిసన్ తీర్పునందలి అంతఃకరణపు కట్టడినే ఇచ్చటను ఆశ్రయించినవి. ఈ నంద్యాల సీమ దావాలు 1862నుండి మద్రాసు హైకోర్టునకును, 1954లో గుంటూరునకును, 1956లో హైదరాబాదునకును, 2019 మొదలు అమరావతికిని పోయినవి. హైకోర్టులు మాఱినను సూత్రము మాఱలేదు.

తరువాతి కాలమున ఆ సూత్రము మఱికొంత సూక్ష్మమైనది. 1959లో ఇంగ్లాండున టెరాపిన్ అను కంపెనీ వ్యాజ్యెము వచ్చెను. విప్పి మరల కట్టదగిన గృహముల నమూనాలను ఆ కంపెనీ యిచ్చి మఱియొకరిచే చేయించుకొనెను. ఒప్పందము ముగిసిన పిమ్మట చేసియిచ్చినవారే అట్టి గృహములను తామును అమ్మజొచ్చిరి. గృహములు బజారున కనబడుచుండగా ఇంక రహస్య మెక్కడిదని వారి వాదము. న్యాయాధిపతి దానికి లొంగలేదు. బయటివాడు ఆ గృహమును కొని, విప్పి, కొలిచి, తప్పులు దిద్దుకొని నేర్వవలెను. లోపలివాడు ఆ శ్రమ లేకయే నమ్మకముగ తెలుపబడిన దానితో ముందుగ బయలుదేఱుట తగదు అనెను. పియర్సనువలె అంగడిలో చూర్ణము కొని శోధించువానికి చట్టము అడ్డు రాదు. పొత్తులో కూర్చుండి తెలిసికొన్నవానికి వచ్చును. మన దేశమున 1987లో ఢిల్లీ హైకోర్టు పశుగ్రాసము పెంచు యంత్రపు నమూనాల విషయమున, ఒడంబడిక పత్రము పూర్తిగ కుదురకపోయినను, నమ్మకముగ ఇచ్చిన నమూనాలను వాడుకొనరాదని నిరోధించినది.

ఇందులకు రెండవ ప్రక్కయు కలదు. నంద్యాల ఆళ్లగడ్డల పొలములలో సంకర ప్రత్తి విత్తనము పండించు రైతులు దీనిని ప్రత్యక్షముగ నెఱుగుదురు. ఆడ మొక్క పువ్వులలోని కేసరములను చేతితో తీసివేసి, మగ మొక్క పుప్పొడిని అద్ది విత్తనము కట్టించుటలో దాపఱికము లేదు. ఏ జాతి ఆడది, ఏ జాతి మగది అనునదియే కంపెనీ మర్మము. ఎమర్జెంట్ జెనెటిక్స్ అను విత్తనముల కంపెనీ ఇట్టి తల్లిదండ్రి జాతులు తమవనియు, కొలువు విడిచిపోయినవారు వానిని వాడుకొనుచున్నారనియు ఢిల్లీ హైకోర్టున వాదించెను. 2011లో ఆ కోర్టు ఇంజంక్షను నిరాకరించినది. ఎల్డన్ ప్రభువు నాటి చిక్కే ఇది. తనది ఏదో, ఎంతవఱకో నిర్దిష్టముగ చూపలేనివాడు ఎంత గొప్ప కంపెనీయైనను గెలువజాలడు. అందువలన నేటి కోర్టులు ఒక ఉపాయము పన్నినవి. ఢిల్లీ హైకోర్టు 2018 నాటి నియమములలో, ఇట్టి కాగితములను ఉభయపక్షముల వకీళ్లును, నియమింపబడిన నిపుణులును మాత్రమే చూచునట్లు ఏర్పాటు కలదు. ఎల్డను ప్రభువునకు ఈ ఉపాయము తోచియుండినచో న్యూబరీ వంశీయుల గతి యెట్లుండెడిదో!

మన తెలుగువారిలో మందు వ్యాపారమున అగ్రగణ్యులగు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి మార్గ మొకటి ఇచ్చట తలపవలసియున్నది. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించి, 1914లో మద్రాసునకు తెచ్చి, 1936లో దానిని లిమిటెడ్ కంపెనీగా మార్చిరి. 1938లో ఆయన పరమపదించినను మందు ఆగలేదు. కంపెనీ యనునది చావు లేని వ్యక్తి. మనుష్యులు వచ్చి పోవుచుండగా మర్మము దాని పేర నిలుచును. పొత్తునకు ఆ భాగ్యము లేదు. వేఱుగ వ్రాసికొననిచో భాగస్థులలో ఒక్కరు మరణించినను పొత్తు రద్దగునని 42వ సెక్షను. మర్మముపై పంతము పట్టినవారిలో కోకాకోలా కంపెనీవారు మిక్కిలి గట్టివారు. 1973 నాటి విదేశమారక చట్టము క్రింద వాటా తగ్గించుకొని పాళ్లను పంచుకొనవలసివచ్చినందున 1977లో ఈ దేశపు బజారునే విడిచిపోయి, 1993లో గాని తిరిగి రాలేదు. అంత పంతము పట్టుటకు మనవారిలో ఎందఱికి తాహతు కలదు?

నేడు మఱియొక సంగతి కూడ లెక్కింపవలెను. ఆయుర్వేద మందుల పెట్టెలపై ద్రవ్యముల జాబితా నచ్చొత్తింపవలెనని 1940 నాటి ఔషధ చట్టపు నియమములు, తినుబండారములపై నచ్చొత్తింపవలెనని 2006 నాటి ఆహార చట్టపు నియమములు శాసించుచున్నవి. అనగా నేటి మర్మము సరకుల పేర్లలో లేదు. పాకములో, క్రమములో, సరకు కొను చోటులో, చేతివాటములో నున్నది. దస్తావేజులో ‘మా రహస్య యోగము’ అని రెండు మాటలు వ్రాసినంత మాత్రమున దాని కాపుదల కలుగదు. 1995నుండి అమలునకు వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ ఒడంబడిక 39వ అధికరణము మూడు సంగతు లడుగును. అది నిజముగ రహస్యమా? రహస్యమగుటచేత దానికి విలువ కలదా? దానిని కాపాడుటకు యజమానుడు తగిన జాగ్రత్త తీసికొనెనా? తలుపు తీసి పెట్టి దొంగ యనువాని మొఱ వినబడదు. మన దేశమున దీనికి ప్రత్యేక శాసనము కావలెనని లా కమీషను 2024 మార్చి నాటి 289వ నివేదికలో సిఫారసు చేసినది. అంతవఱకు ఒడంబడికయు, అంతఃకరణపు కట్టడియుమాత్రమే మనకు గతి.

కావున పొత్తు కలుపుకొనువారు మొదటి దస్తావేజులోనే యోగము తెచ్చిన వారెవరో, అది పొత్తునకు చెందినదో అరువో, పొత్తుకాలమున కలిగిన మెఱుగు ఎవరిదో, వేఱుపడిన పిమ్మట ఎవరు చేయవచ్చునో, ఎవరు చేయరాదో, ఎంతకాలమో వ్రాయించుకొనవలెను. పాళ్లను మాత్రము దస్తావేజులో నెక్కింపరాదు. వేఱుగ వ్రాసి, ముద్ర వేసి, బ్యాంకి పెట్టెలో నుంచి, ఇద్దఱి సంతకములు లేక తెఱువరాదని షరతు పెట్టుట మేలు. కొడుకులకు చెప్పవచ్చునా యనునదియు వ్రాయవలెను. థామస్ మోటు బాండులో లోపము లేదు గాని, కొడుకు వ్యాపారమున చేరినప్పుడు అతనిచే వేఱు బాండు వ్రాయించుకొనియుండినచో వ్యాజ్యెమే పుట్టియుండదు.

చనిపోయిన భాగస్థుని కుటుంబముమాట మిగిలినది. ఇదియే మన సంఘమున తఱచుగ కన్నీటికి కారణమగుచున్నది. మర్మము తెలిసినవాడు పోయిన పిమ్మట మిగిలిన భాగస్థుడు ఆ మందును చేయుచు, లెక్క తేల్చక, ఏటేట పండుగకు చీర పంపి సరిపెట్టుట కొన్ని చోట్ల నడచుచున్నది. 37వ సెక్షను అట్లు చెప్పుటలేదు. లెక్క తేల్చక పొత్తు ఆస్తితో వ్యాపారము సాగించినచో, వేఱు ఒడంబడిక లేనంతవఱకు, మృతుని వారసులు ఆ యాస్తిలోని అతని వాటా వాడుకవలన వచ్చిన లాభమును గాని, వాటా విలువపై సాలుకు నూటికి ఆఱు వంతున వడ్డీని గాని తమ యిష్టము వచ్చినది కోరుకొనవచ్చును. కోరుకొను హక్కు వారసులది, వ్యాపారము సాగించువానిది కాదు. యోగము పొత్తుసొత్తని దస్తావేజులో వ్రాసియున్నచో ఆ లాభపు లెక్కలో అదియును చేరును.